ఆరు బర్రెల పంచనామా

ఒకటో అధ్యాయం

డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్ సుజన శాలిబండలోని పాలకొట్టం గేటు దాటేసరికి ఉదయం ఏడు గంటల యాభై నిమిషాలైంది. కేసు అప్పటికే తేలిపోయిందని గేటు దగ్గరున్న కానిస్టేబుల్ బేబీ చెప్పింది. ఆ చెప్పడంలో సంతోషమేమీ లేదు. సుజన ఈ స్టేషనులో చేరి ఇది మూడో రోజు. చేరాక వచ్చిన మొదటి హత్య కేసు ఇదే. ఆమె వచ్చేలోపే దాన్ని మరొకరు చేతుల్లోకి తీసుకున్నారు.

తీసుకున్నది స్పెషల్ టీం ఇన్‌స్పెక్టర్ కృపాకర్. సుజనతోపాటు ట్రైనింగ్ అయినవాడు. ఏ పనైనా ఆమెకంటే అరగంట ముందు ముగించడం అతనికి అప్పటినుంచీ అలవాటు. ఈ రోజు ఏడుంబావుకే ముద్దాయిని జీపెక్కించి పంపేశాడు. మధ్యాహ్నం మూడింటికి పత్రికలవాళ్ల ముందు నిలబెట్టి, ఆ తర్వాత మెజిస్ట్రేట్ దగ్గరకు తీసుకుపోతానని చెప్పాడు.

చనిపోయిన మనిషి సత్తెమ్మ, అరవై రెండేళ్లది. ఆరు బర్రెలను సాకుతూ, ముప్ఫై ఏళ్లుగా ఆ గల్లీకి పాలు పోస్తూ బతికింది. కొట్టం మూలన నీళ్లతొట్టి పక్కన బోర్లా పడి ఉంది. తల వెనక ఒకే ఒక్క దెబ్బ. రెండడుగుల దూరంలో బర్రెలను కట్టే ఇనుప గుంజ, దాని కొసకు అంటిన తెల్లవెంట్రుకలు. పెనుగులాట జరిగినట్టు ఎక్కడా లేదు. తెలిసిన మనిషికే ఆమె వీపు తిప్పింది.

కృపాకర్ కథను నాలుగు ముక్కల్లో చెప్పాడు, ఎక్కువ భాగం సత్తెమ్మ మరిది రామ్‌చందర్ ఇచ్చిన వాంగ్మూలమే. సత్తెమ్మ రోజూలాగే నాలుగింటికి లేచింది. నాలుగున్నరకు పాలు పిండడం మొదలుపెట్టింది. నాలుగూ నలభై అయిదుకు ఆమె కొడుకు పింటూ రైల్వే యార్డులో డ్యూటీకి బయల్దేరాడు. అయిదూ పదికి రామ్‌చందర్ రెండు క్యాన్ల పాలు సైకిలుకు తగిలించుకొని ఇండ్లకు పోయడానికి పోయాడు. ఆరూ ఇరవైకి తిరిగొచ్చేసరికి వదిన ఇలా పడి ఉంది, గేటు నిండా జనం. మధ్యలో అయిదూ యాభైకి, నాలుగు రోజుల కిందట ఆమె పనిలోంచి తీసేసిన జీతగాడు అంజన్ ఇదే గేటులోంచి పరుగెత్తుకుంటూ పోవడం ఇద్దరు చూశారు. అతన్ని చౌరస్తాలో ఆటోవాళ్లు పట్టుకున్నారు. అంగీ నిండా రక్తం.

“బర్రెను కర్రతోని కొట్టిండని పనిలకెళ్లి తీసేసింది. గల్లీ అంత ఇన్నది ఆ లొల్లి,” అన్నాడు కృపాకర్. “ఇంకేం గావాలె నీకు?”

అంజన్ ఏమంటున్నాడని సుజన అడిగింది. పని పోయినప్పటినుంచీ గుడిమల్కాపూర్ పూల మార్కెట్లో మూటలు దించుతున్నాడట. పని అయిపోయాక, మళ్లీ పెట్టుకొమ్మని సత్తెమ్మ కాళ్లు పట్టుకుందామని వచ్చాడట. పడి ఉంటే లేవనెత్తాడట. చచ్చిపోయిందని తెలిసి భయంతో ఉరికాడట. మార్కెట్ కెమెరాల్లో రాత్రి ఒకటీ నలభై నుంచి తెల్లవారి నాలుగూ యాభై దాకా అతను స్పష్టంగా ఉన్నాడు. వీడియో కృపాకర్ దగ్గరే ఉంది. దాంతో పనేముంది, ఆమె చనిపోయింది అయిదూ పది తర్వాత కదా అన్నది అతని లెక్క.

సుజన మోకాళ్ల మీద కూర్చుని శవం దవడను వేలితో కదిపి చూసింది. దవడ బిగుసుకుంది, మెడ కూడా. రెండున్నర గంటల శవానికి ఇంత బిగువు ఎక్కువనిపించింది. ఎండాకాలమనీ, ముసలి ఒళ్లనీ, డాక్టరు చూసుకుంటాడనీ కృపాకర్ కొట్టిపారేశాడు. సుజన వాదించలేదు. కొట్టం చూడడం మొదలుపెట్టింది.

పొదుగులు కడగడానికి నీళ్లు కాచే పొయ్యి చల్లగా ఉంది. బూడిద మీద నిన్నటి నీటిచుక్కల మచ్చలు చెరగకుండా ఉన్నాయి. పాలు పిండే బకెట్టు గోడకు బోర్లించి ఉంది, లోపల పొడి. పిండేముందు వేళ్లకు రాసుకునే నూనెగిన్నె మీద మూత. సత్తెమ్మ కుడిచేతి వేళ్లను సుజన ఒక్కొక్కటే పట్టి చూసింది. నూనె జిడ్డు లేదు. పని అయ్యాక కడుక్కొని ఉండవచ్చు, బకెట్టు కడిగి ఉండవచ్చు, మే నెలలో ఏదైనా తొందరగానే ఆరుతుంది. ఒక్కోదానికి ఒక్కో జవాబు ఉంది. అన్నిటికీ కలిపి మాత్రం ఒక్క జవాబు దొరకలేదు.

కొట్టానికి ఎడమపక్క రామ్‌చందర్ గది, కుడిపక్క రాతిమెట్లు. మెట్లెక్కితే పింటూ, అతని భార్య పూజిత ఉండే రెండు గదులు. పూజితకు జ్వరమనీ, అత్త శవాన్ని చూసి కళ్లు తిరిగి పైకి పోయి పడుకుందనీ బేబీ చెప్పింది. ఏడున్నరకు డ్యూటీ నుంచి పరుగెత్తుకొచ్చిన పింటూ ఇంకా యూనిఫాం మీదే ఉన్నాడు, తల్లి పాదాల దగ్గర. ఎనిమిదీ నలభైకి శవంతోపాటు అతనూ మార్చురీకి పోయాడు.

రామ్‌చందర్ ఆ పిల్లవాణ్ని చిన్నప్పుడు భుజాల మీద మోసినవాడట. ఇప్పుడు మాత్రం అతని పక్కకైనా రాలేదు. ఆ సంగతి సుజన మనసులో పెట్టుకుంది.

ఆ గంటసేపూ బర్రెలు ఆగకుండా అరుస్తూనే ఉన్నాయి. యజమాని చచ్చిపోయింది కదా, మూగజీవాలకూ తెలుస్తుందని గల్లీ జనం కళ్లొత్తుకున్నారు. కృపాకర్ మనుషులు చెవులు మూసుకున్నారు. అప్పుడు గేటు బయట నేలమీద కూర్చున్న ముసలామె లేచి లోపలికి రాబోయింది. కానిస్టేబుల్ అడ్డుపడ్డాడు. ఆమె వరమ్మ, అంజన్ తల్లి. కొడుకు కోసం వేడుకోవడానికి వస్తోందని అందరూ అనుకున్నారు. సుజన కూడా అలాగే అనుకుంది.

“నా కొడుకు సంగతి మీ చేతులున్నది, మీరు చూసుకుంటరు,” అంది వరమ్మ. “ముందుగాల ఆ బర్రెల పాలు పిండనియ్యుండ్రి బిడ్డా. పొదుగులు పగిలేటట్టున్నయ్. ఇంతమంది ఉన్నరు, ఎవ్వలకు కనవడ్తలేదా?”

పొద్దున్నే పిండారు, పోయి కూర్చోమన్నాడు కానిస్టేబుల్.

“ఎవలు పిండిండ్రు?” అంది వరమ్మ, నిజంగా తెలుసుకోవాలన్నట్టు. “పిండితే గట్ల ఒర్లుతయా?”

సుజన వెనక్కి తిరిగింది. గంటసేపటినుంచి నేలను చూసింది, గోడను చూసింది, గిన్నెను చూసింది. బర్రెలను ఒక్కసారి కూడా చూడలేదు. ఇప్పుడు చూసింది. ఆరింటికీ పొదుగులు రాయిలా బిగిసి మెరుస్తున్నాయి. రెండింటి పొదుగుల నుంచి పాలు వాటంతటవే చుక్కలుగా కారి పేడలో తెల్లని గీతలు కట్టాయి. తెల్లవారి నాలుగున్నరకు పిండిన బర్రె పొదుగు తొమ్మిదింటికి వేలాడుతూ ఉంటుంది, సాయంత్రానికి గాని నిండదు. ఈ బర్రెలను నిన్న సాయంత్రం తర్వాత ఎవరూ ముట్టుకోలేదు.

సత్తెమ్మకు ఒంట్లో బాగులేనప్పుడల్లా పాలు పిండింది వరమ్మేనట. కొత్త చేయి తగిలితే ఈ బర్రెలు చేపవు, పాలు దిగనియ్యవు, తన్నుతాయి. సుజన ఆమెను లోపలికి రానిచ్చింది. రానిస్తూనే ఎదురింటి సీమోనునూ పక్కనున్న టైలర్‌నూ పిలిచి సాక్షులుగా నిలబెట్టి, కాగితం తెరిచింది. దూడను ఒక్కొక్కదాన్నీ విప్పి తల్లి దగ్గర వదిలి, చేపగానే పక్కకు లాగి, వరమ్మ గొంతుకూర్చుని పిండింది. ఆరో బర్రె అయ్యేసరికి పదింబావు. రామ్‌చందర్ పొద్దున తీసుకుపోయిన రెండు క్యాన్లు మెడదాకా నిండి, బకెట్టులో మరో సగం మిగిలింది. ప్రతి బర్రెకూ ఎంత వచ్చిందో రాసి, సాక్షుల సంతకాలు తీసుకుంది సుజన. పంచనామాలో ఇంతకుముందు ఎన్నడూ రాయని వాక్యాలు అవి.

వరమ్మ చేతులు కడుక్కొని మళ్లీ గేటు బయటికి పోయి అదే చోట కూర్చుంది. తను ఇప్పుడే కొడుకు మెడలోంచి ఒక ముడి విప్పిందని ఆమెకు తెలియదు. మిగతా ముడులు విప్పేదాకా చెప్పకూడదని సుజన ఊరుకుంది. ఆశపెట్టి తీసేయడం ఆమెకు చేతకాదు.

ఇక మిగిలింది ఒకటే ప్రశ్న. బర్రెల పాలు పొదుగుల్లోనే ఉంటే, తెల్లవారి గల్లీలో పోసిన పాలు ఎక్కడివి?

దానికి సగం జవాబు ఎదురింట్లో దొరికింది. సీమోను భార్య రాహేలు వంటగదిలో కొళాయికి ఒక తెల్లగుడ్డ మూట వేలాడుతోంది, దానిలోంచి పచ్చటి నీళ్లు గిన్నెలోకి జారుతున్నాయి. విరిగిన పాలు. పారబోయబుద్ధి గాక, పిల్లలకు చక్కెర వేసి పెడదామని వడకట్టిందట. పొద్దున ఆరింటికి కాచబోతే ఒక్క పొంగుకే విరిగిపోయాయని చెప్పింది రాహేలు. చెబుతూ చెబుతూ పవిటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“పద్దెనిమిదేండ్లు మేడం, ఒక్కనాడు విరగలె సత్తెమ్మక్క పాలు. అడుగుదామని గిన్నె పట్టుకొని గుస్సాల పోయిన. తిడ్దామనే పోయిన మేడం. పోయేసరికి గట్ల పడి ఉన్నది.”

సుజన ఆ గల్లీలో మరో అయిదు ఇండ్లు తిరిగింది. రెండిళ్లలో విరిగాయి. ఒక ఇంట్లో పొంగకముందే పులిసిన వాసన వస్తే పారబోశారు. మిగతా రెండిళ్లవాళ్లు తెచ్చిన వెంటనే కాచుకున్నారు, వాళ్లవి నిలిచాయి. కానీ మీగడ రోజూ కంటే పలుచగా ఉందని ఇద్దరూ చెప్పారు. అప్పుడే పిండిన పాలు గంటలో విరగవు. పన్నెండు గంటల కిందట పిండి, మంచునీళ్లలో పెట్టి, బయటికి తీసి ఎండాకాలపు గల్లీల్లో తిప్పిన పాలైతే విరుగుతాయి. ఇంటి ఆడవాళ్లందరికీ ఆ సంగతి తెలుసు. తెల్లవారి పోసిన పాలవాణ్ని మాత్రం ఎవరూ అనుమానించలేదు.

జవాబులో మిగతా సగం గల్లీ చివరి చాయ్ హోటల్లో ఉంది. సత్తెమ్మ సాయంత్రం పిండే పాలన్నీ ఆ హోటలుకే. రాత్రంతా క్యాన్లను కొట్టంలోనే మంచునీళ్ల తొట్టిలో ఉంచేవాళ్లు, తెల్లవారి అయిదింటికి హోటల్ పనివాడు వచ్చి తీసుకుపోయేవాడు. హోటల్ యజమాని ఉర్దూలో పెద్ద ఫిర్యాదే చేశాడు. పదకొండేళ్లలో మొదటిసారి ఈ రోజు పాలు రాలేదట. పనివాడు అయిదింటికి పోతే రామ్‌చందర్ గేటు సగమే తెరిచి, ఆజ్ నహీ హై భాయ్, ఈ రోజు పాలు లేవని చెప్పి పంపేశాడట. లోపలికి తొంగిచూడనివ్వలేదట.

సుజన అన్నిటి పక్కనా గడియారపు వేళలు రాసుకుంది. యార్డులో పింటూ డ్యూటీ వేళలు కనుక్కొమ్మని మరో కానిస్టేబుల్‌ను పంపింది. ఇంట్లోవాళ్లు ఎవరు ఎప్పుడు ఎక్కడున్నారో కాగితం మీద లేకుండా ఏ కేసూ మూయకూడదన్నది ఆమె పద్ధతి.

పన్నెండున్నరకు కృపాకర్ తిరిగి వచ్చాడు. కొట్టం ముందు నిలబడే పంచనామా అంతా చదివాడు. చదివి నవ్వాడు.

“బర్రెలను బోనెక్కిస్తవా సుజనా?”

“బర్రెలెందుకు, కాగితం చాలు. రెండు క్యాన్లు, మీద సగం బకెట్టు. అందుల నీ సాక్షి అబద్ధం కూడ ఉంది.”

“ముసలాయనకు అబద్ధం ఏం అవసరం? సొంత వదిన.”

“చచ్చిపోయిన మనిషి పాలు పిండదు కృపాకర్. పిండలేదంటే నాలుగున్నరకు ముందే పోయింది. అప్పుడు నీ ముద్దాయి బంతిపూల మూటలు దించుతున్నడు. ఆ వీడియో నీ జేబులనే ఉంది.”

అతని మొహంలో నవ్వు పోయింది గాని పట్టుదల పోలేదు. ముసలామె సగం పిండి ఆపి ఉండవచ్చన్నాడు. కొన్ని బర్రెలు రెండోసారీ చేపుతాయేమో అన్నాడు. తనకు బర్రెల సంగతి తెలియదనీ, కోర్టుకూ తెలియదనీ అన్నాడు. రక్తం మాత్రం అందరికీ తెలుస్తుంది. ఆమె అడ్డుపడితే పై అధికారులకు ఏం చెప్పాలో తనకు తెలుసన్నాడు. అంజన్‌ను వదిలి, రేపు అసలు మనిషి దొరక్కపోతే ఎవరి మొహం మీద ఉమ్మేస్తారని అడిగాడు. ఆ చివరి మాట నిజమేనని సుజనకు తెలుసు. మూడో రోజున ఉన్న ఆఫీసరు మొహం మీదనే.

“మూడింటికి మైకుల ముందల నిలబడ్త,” అన్నాడు జీపెక్కుతూ. “గంతలోపల ఏమన్న తెచ్చుకో. పాలు గాకుండ.”

ఒకటిన్నరకు సుజన రామ్‌చందర్ గదిలోకి పోయింది. నులకమంచం, గోడకు రెండు దేవుడి పటాలు, మేకుకు సైకిలు తాళం. డెబ్బై దగ్గరపడిన మనిషి, పెళ్లి చేసుకోలేదు. అన్న పోయినప్పటినుంచి ఆ ఇంటికి పెద్దదిక్కు అతనే. సుజన మంచం మీద కాక గుమ్మంలో పీట మీద కూర్చుంది. హత్య మాట ఎత్తలేదు. సత్తెమ్మ రోజూ ముందు ఏ బర్రెను పిండేదని అడిగింది.

కొమ్ము విరిగినదాన్ని ముందు పిండేదట, అది ఓపిక పట్టదు. తర్వాత దాని బిడ్డ. అన్నిటికంటే చివర నల్లమచ్చది, దాని దూడ బలహీనం, దానికి కొన్ని పాలు మిగల్చాలి. ఈ రోజూ అదే వరుసనా అని అడిగింది సుజన. అవునన్నాడు. పిండుతున్నంతసేపూ చూశావా అంటే పక్కనే నిలబడ్డానన్నాడు.

“ఆ వరుసలనే వరమ్మ పిండింది బాపు, తొమ్మిదిన్నరకు. నీ రెండు క్యాన్లు నిండినయ్.”

బయట దూడ ఒకటి దగ్గింది. రామ్‌చందర్ రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, వేళ్లను మడిచి, విప్పాడు.

“నేనే సంపిన,” అన్నాడు.

దేనితో కొట్టావని అడిగింది. కర్రతో అన్నాడు. ఎక్కడ కొట్టావంటే నెత్తిమీద, ఎదురుగా నిలబడి అన్నాడు. సుజన తల అడ్డంగా ఊపింది. గొంతు పెంచలేదు. దెబ్బ వెనకనుంచి పడింది, కొట్టింది ఇనుప గుంజతో, ఆ రెండూ నీకు తెలియవు, శవాన్ని నువ్వు సరిగ్గా చూడనే లేదు అని చెప్పింది. అన్నం పెట్టిన వదినను చూడలేని మనిషివి, ఆమెను అక్కడ వదిలి ఇంటింటికీ పోయి రాత్రి పాలు ఎందుకు పోసావో చెప్పమంది. నువ్వు చెప్పకపోతే మూడింటికి వరమ్మ కొడుకు జైలుకు పోతాడని, ఆమె ఇప్పుడే నీ బర్రెలను కాపాడి గేటు బయట కూర్చుందని చెప్పింది.

ఆ చివరి మాట అతన్ని విరిచింది.

అతను చెప్పింది ఇది. నాలుగింటికి మెలకువ వచ్చి గదిలోంచి బయటికొచ్చాడు. వీధిదీపం వెలుగులో మెట్ల మీద ఒక మనిషి పైకి పోతున్నాడు. ఖాకీ అంగీ, తలకు చుట్టుకున్న తువ్వాల, పింటూ డ్యూటీ అంగీయే. ముందురోజు సాయంత్రం తల్లీకొడుకులకు మాటామాటా పెరిగింది. బర్రెలను అమ్మి కొట్టం తీసేద్దామని పింటూ అన్నాడు. నా శవం లేచినంకనే అని సత్తెమ్మ అంది. పొద్దున్నే వెళ్తున్నాడేమో, మళ్లీ ఎందుకు పైకి పోయాడో అనుకుంటూ రామ్‌చందర్ కొట్టంలోకి అడుగుపెట్టాడు. తొట్టి పక్కన ఆమె.

“నేను ఎత్తుకొని పెంచిన బిడ్డ మేడం. గా చేతులతోని గీ పని చేసిండని... గాని వానికి ఇంక ఇరవై ఎనిమిదేండ్లు లేవు. ఆమె ఎట్లన్న పాయె. వాన్నన్న మిగిల్చుకోవాలె అనుకున్న.”

పింటూ పొద్దున డ్యూటీకి పోతాడు. తాను అయిదూ పదికి బయల్దేరేదాకా ఆమె బతికి ఉందని గల్లీ నమ్మితే, అప్పటికి యార్డులో ఉన్న కొడుకు మీదికి నేరం రాదు. గల్లీ నమ్మాలంటే ఒకటే దారి, తెల్లవారి గడపకు పాలు రావాలి. ముప్ఫై ఏళ్లలో ఒక్క రోజు ఆగని పాలు ఆగితే వెంటనే జనం వస్తారు. పిండుదామని కూర్చున్నాడు. ఆమె అంత దగ్గర పడి ఉంటే చేతులు కదలలేదు. కొమ్ము విరిగినది కూడా చేపలేదు, తన్నింది. హోటల్ పాలను మంచునీళ్ల తొట్టిలోంచి తీసి నింపుకున్నాడు. తిరిగొచ్చాక ఎలాగో పిండేద్దామనుకున్నాడు. తిరిగొచ్చేసరికి గేటు నిండా మనుషులు. అంజన్ వస్తాడని కలలో కూడా అనుకోలేదు. వాణ్ని పట్టుకున్నారని వినగానే నోరు తెరిచాడట గాని మాట రాలేదట.

సుజన అతని మాటల్ని అతని ముందే రాసి చదివి వినిపించింది. వేలిముద్ర వద్దని, సంతకం వచ్చని రామ్‌చందర్ వంకరగా పేరు రాశాడు. రెండూ పన్నెండుకు ఆమె వాకిట్లోకొచ్చి కృపాకర్‌కు ఫోన్ చేసి, సత్తెమ్మ నాలుగింటికి ముందే చనిపోయిందనీ, సాక్షి మాట మార్చుకున్నాడనీ చెప్పింది.

“ప్రెస్ మీటింగ్ ఆపుత,” అన్నాడు కృపాకర్. “గాని అంజన్‌ను రాత్రిదాకా వదల. చంపిందెవరో చెప్పు, చూస్త.”

ఆమె చెప్పలేదు. పింటూ పేరు చెబితే అయిదు నిమిషాల్లో మార్చురీ ముందు తల్లి శవం పక్కనే బేడీలు పడతాయి. అంజన్ మెడలోంచి తీసిన ఉచ్చును ఇంకొకరికి తగిలించేముందు ఒక్క కాగితమైనా చూడాలి. ఆ కాగితం అప్పుడే ఫోనులో వచ్చింది. యార్డులోని హాజరు పుస్తకం ఫొటో. కానిస్టేబుల్ కింద రెండు వాక్యాలు రాశాడు. రాత్రి డ్యూటీ మనిషి రానందుకు పింటూను నిన్న రాత్రి పదింటికి పిలిపించారు. పదీ ఇరవై నుంచి ఉదయం ఏడుంబావు దాకా, ఇంటినుంచి ఫోన్ వచ్చేవరకు, అతను నలుగురు మనుషుల మధ్య ఉన్నాడు.

సుజన దాన్ని రెండుసార్లు చదివింది. తర్వాత గదిలోకి పోయి ముసలాయన పక్కన నిలబడి, రాత్రి నువ్వు ఎన్నింటికి పడుకున్నావని అడిగింది. ఎనిమిదింటికి అన్నాడు. పాలవాళ్ల ఇంట్లో అంతే కదా.

“పింటూ రాత్రి పదింటికే డ్యూటీకి పోయిండు బాపు. ఏడుదాక యార్డులనే ఉన్నడు. నలుగురు చూసిండ్రు.”

రామ్‌చందర్ కళ్లు మూసుకున్నాడు. పెదవులు కదిలాయి, ఏ దేవుడి పేరో వినపడలేదు. పొద్దుటినుంచి దగ్గరికి తీసుకోని కొడుకును ఇప్పుడు తీసుకుంటున్నట్టు రెండు చేతులూ ఛాతీకి దగ్గరగా వచ్చాయి. ఆ చేతులు అక్కడే ఆగిపోయాయి. అతను కళ్లు తెరిచి గది పైకప్పు వైపు చూశాడు.

“మరి,” అన్నాడు నెమ్మదిగా, “పైకి పోయింది ఎవరు మేడం?”

సుజన బేబీని గేటు వదిలి మెట్ల కిందికి రమ్మని సైగ చేసింది. రామ్‌చందర్‌ను గదిలోనే ఉండమని, తలుపు గడియ పెట్టుకొమ్మని చెప్పింది. చెప్పులు విప్పి మెట్లెక్కింది. పదిహేడు మెట్లు. పై వాకిట్లో తీగ మీద ఏ బట్టలూ లేవు.

ఆమె తలుపు తట్టింది. ఒకసారి, మళ్లీ ఒకసారి. జ్వరంగా ఉంది, తర్వాత రండి అని లోపలినుంచి పూజిత గొంతు. సుజన గొంతులో ఏ తేడా రానివ్వలేదు. ఎక్కువసేపు అక్కర్లేదని, రాతకోతల కోసం పింటూ డ్యూటీ అంగీ ఒకటి ఇస్తే చాలని అడిగింది. తర్వాత గడియ తీసిన శబ్దం. తలుపు జానెడు తెరుచుకుంది.

ఆ సందులో పూజిత మొహం. ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్లు, కాని చూపు సుజన మీద లేదు, ఆమె భుజం పక్కనుంచి మెట్ల వైపు పోతోంది. ఖాకీ అంగీ ఉతికి పిండి ఉంది, ఇంకా తడి. దాన్ని రెండు చేతులతో ముందుకు చాపింది. ఎడమ మణికట్టు మీద నాలుగు ఎర్రని గుర్తులు, ఎవరో గట్టిగా పట్టుకున్నట్టు.

“నేనొక్కదాన్నే ఉన్న మేడం,” అంది, ఎవరూ అడగకుండానే.

సుజన అంగీని అందుకోలేదు. పూజిత రెండు చేతులూ సందులోంచి బయటికే ఉన్నాయి, రెండూ ఆ తడిబట్టను పట్టుకునే ఉన్నాయి. ఆ చేతుల మీదికి తలుపు లోపలినుంచి నెమ్మదిగా మూసుకోసాగింది.